పెరటి మొక్కలకు వరిగడ్డి పరవడం ఎలా?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. మే నెలాఖరులో బెజవాడ మేడల మీద కుండీ మట్టిని మధ్యాహ్నం పూట ముట్టుకుంటే వేలు చురుక్కుమంటుంది. గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి పెరళ్లలో నేల నెర్రెలు విచ్చి, ఆ నెర్రెల్లో సన్నవేర్లు తెగిపోతాయి. పొద్దున పోసిన నీళ్లకు సాయంత్రానికి ఆనవాలు ఉండదు. ఇలాంటి చోట మందుల జోలికి పోకుండా నాలుగు కూరగాయలు పండించుకోవాలంటే ఎరువు కంటే ముందు నేల మీద కప్పు గురించి ఆలోచించాలి. ఆ కప్పుకు మన దగ్గర వరిగడ్డిని మించినది లేదు. కృష్ణా డెల్టా మన గుమ్మం ముందే ఉంది మరి.

ప్రకృతి వ్యవసాయంలో దీన్ని ఆచ్ఛాదన అంటారు. బీజామృతం (విత్తనాలకు పట్టించే ద్రావణం), జీవామృతం (పేడ, మూత్రాలతో చేసే ద్రావణం), వాపస (నేలలో గాలి, తేమ సమంగా ఉండటం)లతో పాటు దీన్నీ ఆ పద్ధతికి ఒక మూలస్తంభంగా చెబుతారు. గుంటూరు కేంద్రంగా పనిచేసే రైతు సాధికార సంస్థ రాష్ట్రమంతటా రైతులకు నేర్పుతున్న విషయాల్లో ఇది ముఖ్యమైనది. అయితే పెరటి తోటలకు సలహా ఇచ్చేవాళ్లలో చాలామంది ‘ఇన్ని అంగుళాల గడ్డి పరవండి’ అని ఒకే లెక్క చెప్పి ఊరుకుంటారు. మన వాతావరణానికి ఆ ఒక్క లెక్క చాలదు. మేలో మొక్క ప్రాణం నిలబెట్టిన మందమే ఆగస్టు ముసురులో దాని మొదలు కుళ్లబెడుతుంది. కాబట్టి గడ్డి మందం కార్తెను బట్టి మారాలి. మిగతా పనులన్నీ ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుని చేయండి.

గడ్డి సంపాదించడం

డెల్టాలో సార్వా (ఖరీఫ్ వరి) కోతలు నవంబరు, డిసెంబరు నెలల్లో, దాళ్వా (రబీ వరి) వేసిన చోట ఏప్రిల్ ప్రాంతంలో సాగుతాయి. గడ్డి తేలికగా దొరికేది అప్పుడే. విజయవాడ వాళ్లు కంకిపాడు, ఉయ్యూరు వైపు, గుంటూరు వాళ్లు తెనాలి, దుగ్గిరాల, పొన్నూరు వైపు వెళితే యంత్రంతో చుట్టిన గడ్డి కట్టలు పొలాల గట్ల మీదే కనిపిస్తాయి. ఎండలు ముదిరాక మేతకు గిరాకీ పెరిగి ధర ఎక్కుతుంది. కోత యంత్రం వదిలిన గడ్డికి పొలంలోనే నిప్పు పెట్టే రైతులు ఇప్పటికీ ఉన్నారు. అది చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. అలాంటి రైతు ఎవరైనా మీకు తెలిసి ఉంటే, నిప్పు పెట్టకముందే ఆటో తీసుకుని వెళ్లండి.

ఒక మాట గట్టిగా చెబుతాను. పశువులు ఇష్టంగా తినే పచ్చదనం పోని మంచి గడ్డిని తోట కోసం కొనకండి. అది వాటి నోటి దగ్గరి కూడు. తోటకు కావలసింది పశువులు ముట్టనిది. తుపాను వానకు తడిసి రంగు మారినది, గడ్డివామి అడుగున మాగిపోయినది, పాకలో గొడ్లు తినకుండా తొక్కి వదిలేసినది. ఇవన్నీ చివరికి పెంటపోగులోకి వెళ్లేవే కాబట్టి అడిగితే చాలామంది కాదనరు. పాకలో తొక్కిన గడ్డి దొరికితే అదృష్టమే. దానికి అంటిన పేడ, మూత్రం వల్ల త్వరగా మాగుతుంది, మొక్కకు కొంత నత్రజని కూడా అందుతుంది. మామిడికాయల కాలంలో కాయలు సర్దిన గడ్డి పండ్ల దుకాణాల వెనక కుప్పలుగా పడి ఉంటుంది. అదీ పనికొస్తుంది. కార్బైడ్ పొట్లాలు పెట్టి మాగబెట్టిన పెట్టెల్లోని గడ్డి మాత్రం వద్దు.

రంగు మారడం వేరు, బూజు పట్టడం వేరు. దులిపితే నల్లటి పొడి లేచే గడ్డిని తీసుకోకండి. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. మామూలు గడ్డిని విప్పేటప్పుడు కూడా ముందు కాసిని నీళ్లు చిలకరించి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. ఉబ్బసం ఉన్నవాళ్లు ఈ పని వేరొకరికి అప్పగించడం మేలు.

రైతును అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. ‘చేలో కలుపుకు ఏం కొట్టారు? దోమపోటుకు చివరిసారి మందు ఎప్పుడు కొట్టారు?’ 2,4-డి లాంటి మందులు వెడల్పాకు కలుపును చంపి వరిని వదిలేస్తాయి. మన టమాటా, మిరప, చిక్కుడు కూడా వెడల్పాకు మొక్కలే. కోత నాటికి ఆ మందు చాలావరకు విరిగిపోతుంది. అయినా అనుమానం ఉంటే గుప్పెడు గడ్డిని సన్నగా తరిగి, తడిపి, ఒక కుండీ మట్టిలో కలిపి అలసంద గింజలు వేయండి. పక్కనే గడ్డి కలపని కుండీలోనూ అవే గింజలు వేయండి. రెండు మూడు వారాల్లో మొదటి కుండీలో ఆకులు ముడుచుకుని, కాడలు మెలి తిరిగి, రెండో దానిలో మొక్కలు బాగుంటే ఆ గడ్డి తోటకు వద్దు. పురుగుమందు మీద అనుమానం ఉన్న గడ్డిని నెలా రెండు నెలలు ఎండకూ వానకూ ఆరుబయట వదిలేసి ఆ తర్వాత వాడండి.

ఎంత గడ్డి కావాలి? సుమారు 20 కిలోల కట్ట విప్పితే 80 చదరపు అడుగుల మడికి బెత్తెడు మందాన సరిపోతుంది. గడ్డి త్వరగా కుంగుతుంది కనుక అందులో సగం అదనంగా దాచుకోండి.

తాలు, గింజ వదిలించడం

యంత్రం ఎంత నూర్చినా గడ్డిలో గింజలు మిగులుతాయి. అలాగే పరిస్తే పది రోజుల్లో వంగమొక్కల మధ్య వరినారు మొలుస్తుంది. దీనికి తేలికైన మార్గం, ఆ మొలకలను ముందే రప్పించడం. కట్ట తాళ్లు కోసి, గడ్డిని గచ్చు మీద పల్చగా విప్పి, పూర్తిగా తడిపి, గోనెలు కప్పండి. వారం పాటు రోజూ తడి ఆరకుండా చూడండి. గింజలు మొలకెత్తాక గోనెలు తీసి రెండు రోజులు మంచి ఎండలో తిరగేయండి. మొలకలు మాడిపోతాయి, గడ్డి మెత్తబడుతుంది, పరిచినప్పుడు గాలికి ఎగరదు. తొందరగా ఉంటే కట్టను దులిపి, రాలిన గింజలను పిచ్చుకలకో కోళ్లకో వేయండి. కొన్ని మొలిచినా వరినారు పీకడం పెద్ద పని కాదు.

కుండీలకైతే గడ్డిని రెండు మూడు అంగుళాల ముక్కలుగా కొడవలితోనో కత్తిపీటతోనో తరుక్కోండి. పొడుగు గడ్డి కుండీలో నిలవదు.

నేలను సిద్ధం చేయడం

గరిక, తుంగ ఉన్న మడిలో ఈ పని ఓపిగ్గా చేయాలి. మామూలు కలుపు గింజలు గడ్డి కింద వెలుతురు అందక మొలవలేవు. గరిక, తుంగ అలా కాదు. తుంగ గడ్డలో దాచుకున్న బలంతో బెత్తెడు గడ్డిని కూడా చీల్చుకుని సూదిలా పైకి వస్తుంది. పార వేసి పైన కోసేస్తే లాభం లేదు. మట్టిని తడిపి, గునపంతో లోతుగా కదిలించి, గడ్డలతో సహా ఏరేయండి. మరీ మొండి మడి అయితే పాత అట్టపెట్టెలకున్న టేపు, పిన్నులు తీసేసి, అట్టను తడిపి నేల మీద ఒకదాని అంచు మీద ఒకటి పడేలా పరచి, దాని మీద గడ్డి వేయండి.

తర్వాత మాగిన పశువుల ఎరువో వానపాముల ఎరువో రెండు అంగుళాల మందాన పరవండి. దానిలో గుప్పెళ్ల కొద్దీ వేపపిండి కలపండి. ఇప్పుడు నీళ్లు పెట్టండి, పైపైన చిలకరించడం కాదు, జానెడు లోతు తడిసేలా పెట్టండి. ఈ మెట్టు దాటవేస్తే మొత్తం శ్రమ వృథా. పొడి నేల మీద గడ్డి పరిస్తే ఆ తర్వాత పడే చిరుజల్లులను గడ్డే పీల్చుకుంటుంది, కింద మట్టి పొడిగానే మిగిలిపోతుంది.

పరవడం

నారు నాటిన మొక్కలు కుదురుకుని జానెడు ఎత్తు పెరిగాక గడ్డి పరవాలి. అంతకుముందే వేస్తే లేత మొక్క గడ్డిలో మునిగిపోతుంది. గడ్డిని చేత్తో విదిలిస్తూ అడ్డదిడ్డంగా పడనివ్వండి. కట్టలోంచి వచ్చిన అట్టలు అట్టలుగా వేస్తే నీళ్లు జారిపోతాయి, గాలి ఆడదు.

మొక్క మొదలు చుట్టూ నాలుగు వేళ్ల వెడల్పు ఖాళీ వదలండి. మొత్తంలో మరవకూడనిది ఇదే. గడ్డి ఆనుకున్న చోట కాండం ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది. వారం పది రోజులకు అక్కడ తోలు గోధుమరంగుకు తిరిగి, వేలితో నొక్కితే మెత్తగా ఊడి వస్తుంది. పైన ఆకులు అప్పటికింకా పచ్చగానే ఉంటాయి కాబట్టి ఎవరూ గమనించరు. టమాటా, వంగ, బొప్పాయిలకు ఈ బెడద ఎక్కువ. కాండం చుట్టూ పిట్టగూడులా గుంటగా ఉంచి, గడ్డిని బయటి వైపుకు ఎత్తుగా పేర్చండి.

ఆకుకూరల సంగతి వేరు. తోటకూర, కొత్తిమీర, మెంతి వంటివి చల్లిన మడిలో మందంగా గడ్డి వేస్తే మొలకలు పైకి రావు. మిరప నారుమళ్ల మీద రైతులు చేసే పద్ధతే ఇక్కడ సరైనది. విత్తనం చల్లి, మట్టి కప్పి, మట్టి కనీకనపడకుండా పల్చగా గడ్డి పరచి, దాని మీద నుంచే నీళ్లు చిలకరించాలి. మొలక తల ఎత్తడం కనిపించిన రోజు సాయంత్రమే గడ్డి తీసేయాలి. ఒక రోజు ఆలస్యమైనా మొలకలు వెలుతురు కోసం సాగి, పాలిపోయి, పడిపోతాయి. ఎండ చల్లబడ్డాక తీస్తే వాటికి ఒక రాత్రి అలవాటు పడే వ్యవధి దొరుకుతుంది.

దోస, గుమ్మడి, పుచ్చ పాదులకు గడ్డి రెండు విధాల మేలు చేస్తుంది. నేల చల్లబడుతుంది, కాయ తడిమట్టిని తగలక కుళ్లదు. టమాటాలోనూ వానచినుకు నేలను కొట్టి మట్టిని ఆకుల మీదికి చిందించదు కాబట్టి మట్టిలోంచి ఎగబాకే ఆకుమచ్చ తెగుళ్లు తగ్గుతాయి. కాయ అడుగున నల్లగా కుంగిపోయే మచ్చకు ఒక కారణం నేల ఒకసారి ఎండి, ఒకసారి తడవడం. గడ్డి కింద తడి సమంగా ఉంటుంది కనుక అదీ తగ్గుతుంది.

కార్తెను బట్టి మందం

మార్చి మొదటి వారానికల్లా రెండు మూడు అంగుళాల గడ్డి నేల మీద ఉండాలి. ఏప్రిల్ నుంచి దాన్ని బెత్తెడుకు పెంచి, రోహిణి వచ్చేసరికి కుంగినంత మేర మళ్లీ నింపండి. నట్టెండలో ఒక చోట గడ్డి పక్కకు తొలగించి చూడండి. పైపొర కరకరలాడుతుంది. దాని కింది పొర నలుపు తిరిగి మెత్తగా ఉంటుంది. ఇంకా కింద, మట్టికి ఆనుకున్న చోట తెల్లటి శిలీంధ్రపు పోగులు సాలెగూడులా అల్లుకుని, గడ్డిపరకలను మట్టికి కుట్టేసినట్టు కనిపిస్తాయి. మట్టి చేతికి చల్లగా తగులుతుంది. ఇది చూస్తే గడ్డి సరిగ్గా పనిచేస్తున్నట్టే. ఆ పోగులు మొక్కకు కీడు చేయవు.

వేసవి సాయంత్రాల్లో ఈదురుగాలి లేస్తే పొడి గడ్డి ఎగిరి పక్కింటి మేడ మీద పడుతుంది. పరిచిన వెంటనే తడిపి, పైన కొబ్బరి మట్టలో కందికట్టెలో అడ్డంగా వేస్తే కదలదు.

మృగశిర వచ్చి తొలకరి పడ్డాక వెంటనే గడ్డి తీయకండి. మొదటి వానలు బలంగా కొట్టి మట్టిని బిగదీస్తాయి, ఆ దెబ్బను గడ్డి కాస్తుంది. జులైలో ముసురు పట్టినప్పటి నుంచి మాత్రం మందం ఒకటి రెండు అంగుళాలకు తగ్గించండి. మొదలు చుట్టూ ఖాళీని జానెడుకు పెంచండి. నల్లరేగడి పెరట్లో నీళ్లు త్వరగా ఇంకవు కాబట్టి అక్కడ వానాకాలం మొక్కలను ఎత్తైన మట్టికట్టల మీదే ఉంచి, గడ్డిని వాటి మధ్య కాలువల్లో పరవడం ఉత్తమం. అక్టోబరు, నవంబరుల్లో తుపాను హెచ్చరిక వస్తే పల్లపు మడుల్లోని గడ్డిని ముందే ఎత్తి పోగు పెట్టండి. నీళ్లు నిలిస్తే అది తేలిపోయి మురుగుతూములకు అడ్డం పడుతుంది, అది మన వీధికే నష్టం.

చలికాలంలో రెండు అంగుళాలు చాలు. ఆ నెలల్లో మన దగ్గర గడ్డి అవసరం తక్కువే.

నత్రజని విషయం

గడ్డి వేస్తే మొక్కలు పసుపు తిరుగుతాయని కొందరు భయపడతారు. అందులో సగం నిజం ఉంది. వరిగడ్డిలో నత్రజని వందకు ఒక పాలు కూడా ఉండదు, కర్బనం మాత్రం చాలా ఎక్కువ. దాన్ని మట్టిలో కలిపి దున్నేస్తే కుళ్లబెట్టే సూక్ష్మజీవులు తమకు కావలసిన నత్రజనిని మట్టి నుంచే లాక్కుంటాయి, మొక్కకు కొన్ని వారాల పాటు కొరత వస్తుంది. గడ్డిని పైన మాత్రమే ఉంచితే ఆ లాగుడు మట్టి పైపొర దాటదు. అందుకే మాగని గడ్డిని ఎప్పుడూ మట్టిలో కలపకండి.

అడుగు ఆకులు పాలిపోతున్నట్టు కనిపిస్తే జీవామృతం పోయండి. పెరటికి సరిపడా చేసుకోవాలంటే 20 లీటర్ల నీళ్లలో కిలో ఆవుపేడ, లీటరు ఆవుమూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, గుప్పెడు గట్టుమట్టి కలిపి నీడలో 48 గంటలు ఉంచండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కర్రతో తిప్పండి. వారంలోగా వాడేయండి. కుండీలకైతే పదింతల నీళ్లు కలిపి పోయాలి. గడ్డి మీదే పోస్తే అది త్వరగా మాగుతుంది కూడా. మినుము, పెసర నూర్చిన పొట్టు దొరికితే గడ్డితో కలిపి పరవండి. అపరాల పొట్టులో నత్రజని ఎక్కువ.

వరిగడ్డిలో పొటాషియం పుష్కలం, టన్నుకు 10 కిలోలకు పైనే. అది నీటిలో తేలిగ్గా కరుగుతుంది కాబట్టి మొదటి తడులకే నేలలోకి దిగుతుంది. గడ్డిలోని సిలికా మాత్రం దాన్ని త్వరగా కుళ్లనివ్వదు.

నీళ్లు, మేడ మీది కుండీలు

గడ్డి ఉంది కదా అని నీళ్లు మానేయకూడదు, రోజూ పోసేయకూడదు. గడ్డి పక్కకు తీసి, వేలు రెండు కణుపుల వరకు మట్టిలోకి దించి చూడండి. తడి తగిలితే ఆ రోజుకు వద్దు. పోసేటప్పుడు గొట్టాన్ని గడ్డి కిందికి దూర్చి మట్టి మీదే పారనివ్వండి. డ్రిప్పు పైపులైతే గడ్డి కిందనే ఉండాలి.

మేడ మీద ఎండ పైనుంచే కాదు, పక్కల నుంచీ, కింది సిమెంటు నుంచీ కొడుతుంది. నల్ల ప్లాస్టిక్ సంచులైతే మరీ కాగుతాయి. కుండీలో రెండు అంగుళాల తరిగిన గడ్డి పరచి, కుండీలను ఒకదానికొకటి దగ్గరగా జరిపి, పడమర వైపు వరసకు గోనె కట్టండి. గడ్డి వేయడానికి వీలుగా మట్టిని అంచుకు మూడు అంగుళాలు దిగువనే నింపుకోవాలి.

మేడ మీద పొడి గడ్డి అంటే నిప్పు భయం కూడా ఉంటుంది. దీపావళికి ముందు రోజు సాయంత్రం గడ్డిని బాగా తడపండి, నిల్వ కట్టలను ఇంట్లోకి చేర్చండి. ఎక్కడి నుంచో వచ్చిన తారాజువ్వ ఒక్కటి చాలు.

పురుగూ పుట్రా

ఎండాకాలంలో చెదలు వస్తాయి. పొడి గడ్డి వాటికి మేత. గడ్డి తడిగా ఉన్నంత కాలం అంతగా రావు. వస్తే మట్టి గొట్టాలను చెరిపేసి, అక్కడ వేపపిండి చల్లి, వేప కషాయం పోయండి. గోడకు ఆనించి, చెక్క తలుపుల పక్కన గడ్డి పరవకండి. వానాకాలంలో నత్తలు గడ్డి కింద దాక్కుని రాత్రిపూట లేత ఆకులు తింటాయి. సాయంత్రం మడిలో తడి గోనెముక్క పరచి, తెల్లవారి దాని కింద చేరిన వాటిని ఏరి ఉప్పునీళ్లలో వేయండి. చేతితో తాకకుండా పుల్లతో తీయండి.

వానలకు గడ్డి మీద చిన్న పుట్టగొడుగులు లేస్తాయి. మొక్కలకు వాటివల్ల హాని లేదు. కూర వండుకుందామని మాత్రం ఎవరూ తీసుకోకుండా, ముఖ్యంగా పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూడండి.

తేళ్లు, జెర్రులు, అరుదుగా పాము కూడా గడ్డి కింద చేరవచ్చు. మందమైన గడ్డిలోకి ఎప్పుడూ ఉత్త చేయి పెట్టకండి, ముందు కర్రతో కదిలించండి. వీధి వైపు కుండీలకు గడ్డి పరిస్తే తిరుగుడు ఆవులు గడ్డితో పాటు మొక్కనూ మేస్తాయి. అక్కడ ఎండాకులో కొబ్బరిపీచో వాడుకోండి.

పంట అయ్యాక

మొక్కలను పీకకుండా నేల మట్టానికి కోసేయండి, వేర్లు లోపలే మాగుతాయి. మిగిలిన గడ్డిని పక్కకు లాగి, ఎరువు వేసి, కొత్త నారు నాటి, వారం తర్వాత మళ్లీ దగ్గరకు జరపండి. నల్లబడి పొడి అయిన గడ్డి మట్టిలో కలిసినా ఫర్వాలేదు, అప్పటికి అది ఎరువే. తెగులు సోకిన టమాటా, వంగ మడుల్లోని గడ్డిని మాత్రం ఇంకో కూరగాయ మడికి మార్చకండి. దాన్ని అరటి, కరివేపాకు, మునగ పాదుల్లో, మొదలుకు మూరెడు దూరంగా వేయండి.